చలికి పన్ను జివ్వుమంటే ఎన్ని సెకండ్లు ఉంటోందో చూడండి

చలికాలం మొదలవగానే పళ్ళ డాక్టర్ల దగ్గర ఒకే మాట ఎక్కువగా వినిపిస్తుంది. పొద్దున్నే నీళ్ళు పుక్కిలిస్తే ప్రాణం లేచొస్తోందని కొందరు, బండి మీద వెళ్తుంటే గాలికి పళ్ళు జివ్వుమంటున్నాయని కొందరు చెబుతారు. చలి పోతే అదే తగ్గుతుందిలే అని సర్దుకుపోయేవాళ్ళు వీళ్ళకన్నా చాలా ఎక్కువ. మార్చి వచ్చేసరికి నిజంగానే తగ్గుతుంది కూడా. తగ్గేది నొప్పి మాత్రమే. దానికి కారణమైన చోటు పంటి మీద అలాగే ఉంటుంది, పట్టించుకోకపోతే మరుసటి ఏడాదికి ఇంకాస్త పెరుగుతుంది. పంటి పైపొర ఎక్కడో పోయి లోపలి పొర బయటపడింది, చలి ఆ చోటును తాకుతోంది. అది ఏ పన్నో, ఎందుకు బయటపడిందో తెలిస్తే మందు ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. అది తెలియకుండా టీవీలో చూసిన పేస్టు కొని వారం రోజులు తోమి వదిలేయడం వల్లనే చాలామందికి ఏదీ పనిచేసినట్టు అనిపించదు.

పంటి లోపల కదిలేది

చిగురు బయట కనిపించే పంటి భాగాన్ని ఎనామిల్ కప్పి ఉంచుతుంది. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం ఇదే. అందులో నరాలు ఉండవు కాబట్టి దానికి నొప్పి తెలియదు. ఎనామిల్ కింద పసుపు ఛాయలో ఉండే పొర డెంటిన్, దాని నడుమ రక్తనాళాలు, నరాలు ఉండే మెత్తటి భాగం పల్ప్. చిగురు లోపల ఉండే వేరుకు ఎనామిల్ ఉండదు. సిమెంటం అనే చాలా పల్చని పొర ఉంటుంది. చిగురు దిగిపోయి వేరు బయటపడితే ఆ పొర బ్రష్షు రాపిడికే కొన్నాళ్ళలో అరిగిపోతుంది. పైగా పదిమందిలో ఒకరికి ఎనామిల్, సిమెంటం అంచులు అసలు కలవనే కలవవు. అలాంటివాళ్ళకు చిగురు కొద్దిగా జరిగినా డెంటిన్ నేరుగా బయటికి వచ్చేస్తుంది.

డెంటిన్ గట్టిగా కనిపించినా దాని నిండా పల్ప్ నుంచి బయటికి సాగే అతి సన్నటి గొట్టాలుంటాయి. పల్ప్ దగ్గర ఒక చదరపు మిల్లీమీటరులో 45 వేలకు పైగా, బయటి అంచు దగ్గర సుమారు 20 వేలు. బయటి వైపు వాటి వెడల్పు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపే, లోపలికి వెళ్ళేకొద్దీ రెండు మూడు మైక్రాన్లు. వీటి నిండా ద్రవం ఉంటుంది, లోపలి చివర నరాల కొసలు ఉంటాయి. ఈ ద్రవం కదలికే నొప్పికి మూలమని 1960ల్లో స్వీడన్‌కు చెందిన మార్టిన్ బ్రాన్‌స్ట్రామ్ తన ప్రయోగాలతో నిలబెట్టాడు. ఇప్పటికీ ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇదే.

చల్లదనం తగలగానే ఆ ద్రవం బయటి వైపుకు జరుగుతుంది. వేడి తగిలితే లోపలి వైపుకు, అదీ నెమ్మదిగా. బయటికి జరిగే కదలికకే నరం ఎక్కువగా స్పందిస్తుంది. వేడి కాఫీ తాగగలిగినవాళ్ళు కూడా చన్నీళ్ళకు అదిరిపడేది అందుకే. చలిగాలి ఇంకో పని కూడా చేస్తుంది. పంటి మీది తడిని ఆర్పేసి గొట్టాల్లోని ద్రవాన్ని పైకి లాగుతుంది. కాబట్టి గాలి నీళ్ళంత చల్లగా ఉండాల్సిన అవసరం లేదు, వేగంగా తగిలితే చాలు. డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టి పంటి మీద గాలి కొట్టి పరీక్షించేది ఇందుకే. తీపి, ఉప్పు కూడా గాఢత తేడా వల్ల ద్రవాన్ని బయటికి లాగుతాయి. చన్నీళ్ళకు జివ్వుమనే పన్ను జిలేబీకి కూడా జివ్వుమనడంలో వింతేమీ లేదు.

ఈ వివరణను బట్టి మందులు కూడా రెండు దారుల్లోనే పనిచేస్తాయి. గొట్టం నోరు మూయాలి, లేదా లోపలి నరం స్పందించకుండా చేయాలి.

వేరు ఎలా బయటపడుతుంది

అద్దం ముందు నిలబడి పెదవిని పక్కకు లాగండి. చూపుడు వేలి గోటిని పంటి మీద పెట్టి చిగురు వైపుకు మెల్లగా జరపండి. నునుపుగా వెళ్తున్న గోరు చిగురు అంచుకు కొంచెం ముందు ఒక గాటులో పడి ఆగితే, అక్కడ తాకగానే జివ్వుమంటే, మీరు వెతుకుతున్న చోటు దొరికినట్టే. కుడిచేతి వాటం వాళ్ళకు ఈ గాటు ఎక్కువగా ఎడమవైపు కోరపన్ను దగ్గర, దాని వెనకాల ఉండే రెండు చిన్న పళ్ళ దగ్గర కనిపిస్తుంది. ఆ వైపు తోమేటప్పుడు చెయ్యి బలంగా, అడ్డంగా ఆడుతుంది కాబట్టి. పుల్ల నరికినట్టు ఆంగ్ల వీ అక్షరం ఆకారంలో ఉండే ఆ గాటు నిండా పసుపు రంగులో కనిపించేది డెంటినే.

గట్టి బ్రష్షుతో రంపం లాగినట్టు తోమడం మొదటి కారణం. రెండోది పళ్ళపొడి. ఎర్రమన్ను కలిపిన పొడులు, బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పుగల్లు, ఇవి మరకలను తీసేది రాపిడితోనే, ఆ రాపిడికి వేరు కూడా అరుగుతుంది. ఈమధ్య నల్లటి చార్‌కోల్ పేస్టులు వచ్చాయి. ఫ్యాషన్ కొత్తది, బొగ్గు పాతదే. పళ్ళు జివ్వుమనేవాళ్ళు వాటి జోలికి వెళ్ళకపోవడం మంచిది. వేపపుల్ల, కానుగపుల్ల వాడేవాళ్ళు కొసను బాగా నమిలి కుంచెలా మెత్తబడ్డాక పైనుంచి కిందికి రాస్తే పెద్దగా ఇబ్బంది లేదు. సగం నమిలిన పుల్లతో అడ్డంగా రుద్దితే చిగురు చీరుకుపోతుంది.

పళ్ళు శుభ్రంగా తోమనివాళ్ళలో కథ వేరు. పాచి గట్టిపడి గార అవుతుంది, చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది, లోపలి ఎముక తరిగి చిగురు దిగిపోతుంది. షుగరు అదుపులో లేనివాళ్ళకు, పొగ తాగేవాళ్ళకు ఇది తొందరగా జరుగుతుంది. ఖైనీ, గుట్కా ఒకే మూల దాచుకునేవాళ్ళకు సరిగ్గా ఆ మూలనే చిగురు పోతుంది. నిద్రలో పళ్ళు పటపట కొరికేవాళ్ళకూ, రోజంతా వక్కలు నమిలేవాళ్ళకూ వేరు దగ్గర కాకుండా నమిలే అంచుల మీద ఎనామిల్ అరిగి డెంటిన్ తేలుతుంది.

ఇక పులుపు. దాన్ని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం. ఎనామిల్ సుమారు 5.5 పీహెచ్ కన్నా పుల్లగా ఉన్న ద్రవంలో కరగడం మొదలవుతుంది. వేరు అంత పులుపు కూడా అక్కర్లేకుండానే, 6 దాటిన పీహెచ్ దగ్గరే కరుగుతుంది. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5 మధ్య ఉంటుంది, కూల్‌డ్రింకులు కూడా దానికి అటూ ఇటూగానే. పుల్లటి త్రేన్పులు వచ్చేవాళ్ళకు, వేవిళ్ళతో వాంతులయ్యే గర్భిణులకు కడుపులోని ఆమ్లం ఇంతకన్నా తీవ్రంగా పళ్ళ లోపలి వైపున దెబ్బ తీస్తుంది. వాంతి అయిన వెంటనే పళ్ళు తోముకోకూడదు. గ్లాసు నీళ్ళలో ఒక చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి, కనీసం అరగంట ఆగాక బ్రష్షు పట్టుకోవాలి. ఆమ్లం తగిలిన పైపొర కాసేపు మెత్తగా ఉంటుంది, ఆ సమయంలో తోమితే అదే ఊడిపోతుంది.

చలికాలంలోనే ఎందుకు ఎక్కువ

చలిగాలి, చన్నీళ్ళు సరే. మన ఊళ్ళలో చలికాలం పులుపు కాలం కూడా. కార్తీకంలో ఉసిరికాయలు, ఆ వెనకే చింతకాయలు, సంక్రాంతికి రేగిపళ్ళు, బజారు నిండా కమలాపళ్ళు. వీటికి తోడు పొద్దున్నే పరగడుపున గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మరసం, తేనె కలుపుకుని తాగే అలవాటు చాలా ఇళ్ళలో చలికాలంలోనే మొదలవుతుంది. ఆ గ్లాసు తాగి వెంటనే బ్రష్షు చేసేవాళ్ళు గొట్టాల మూతలను వాళ్ళ చేత్తోనే తెరుస్తున్నారు. ముందు పళ్ళు తోముకుని తర్వాత తాగండి. తాగితే చప్పరిస్తూ కూర్చోకుండా ఒకేసారి తాగేసి మామూలు నీళ్ళతో నోరు కడుక్కోండి. ఉసిరికాయ, చింతకాయ పచ్చడి మానేయమని ఎవరూ చెప్పడం లేదు. అన్నంతో తింటే లాలాజలం బాగా ఊరి పులుపును విరిచేస్తుంది. అరగంట సేపు బుగ్గన పెట్టుకుని ఉసిరికాయ చప్పరించడమే పంటికి చేటు.

లాలాజలం మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం చెప్పాలి. గొట్టాల నోళ్ళను రోజూ కొద్దికొద్దిగా మూసే పని దానిదే, అందులోని కాల్షియం, ఫాస్ఫేటు డెంటిన్ మీద పేరుకుంటాయి. చలికాలంలో దాహం వేయదని నీళ్ళు తాగడం తగ్గిస్తాం. జలుబు చేసి ముక్కు మూసుకుపోతే రాత్రంతా నోటితోనే ఊపిరి తీస్తాం. బీపీకి, అలర్జీకి వాడే కొన్ని మాత్రలు కూడా నోరు ఎండిపోయేలా చేస్తాయి. అలా ఎండిన నోటితో లేచి మొట్టమొదట తగిలించేది చన్నీళ్ళు.

ఆ నీళ్ళ సంగతి కూడా చూడండి. బోరు నీళ్ళు భూమి లోతులోంచి వస్తాయి కాబట్టి ఎంత చలిలోనైనా మోటరు వేయగానే గోరువెచ్చగా తగులుతాయి. అవే నీళ్ళు రాత్రంతా డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకులో ఉంటే తెల్లారేసరికి వేళ్ళు కొంకర్లు పోతాయి. ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాల్లో, అరకు, లంబసింగి వైపు ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోయే రోజుల్లో ట్యాంకు నీళ్ళతో పుక్కిలించడమంటే ఫ్రిజ్ నీళ్ళతో పుక్కిలించినట్టే. ఒక చెంబు వేడినీళ్ళు కలుపుకోవడం చిన్న విషయమే, కానీ మొదటి రోజు నుంచే తేడా కనిపిస్తుంది. మరుగుతున్న కాఫీ తాగిన నోట్లోనే చన్నీళ్ళు పోసుకోవడం కూడా మంచిది కాదు. పన్ను, దానిలోని ఫిల్లింగు వేడికి, చలికి ఒకే కొలతలో సాగవు, కుంచించుకోవు. పాత ఫిల్లింగుల అంచుల్లో సందులు పడటానికి ఇదొక కారణం.

తెల్లవారుజామున నడకకు వెళ్ళేవాళ్ళు, బండి నడిపేవాళ్ళు ముక్కుతో ఊపిరి తీయడం అలవాటు చేసుకోవాలి. ముక్కు గాలిని వెచ్చబరిచి, తడి చేసి లోపలికి పంపుతుంది. నోరు ఆ పని చేయలేదు. మఫ్లరు తలకు, చెవులకే కాకుండా ముక్కు, నోటి మీదుగా కూడా చుట్టుకుంటే సొంత ఊపిరితో వెచ్చబడిన గాలే లోపలికి వెళ్తుంది. హెల్మెట్ అద్దం దించుకుంటే చాలావరకు సరిపోతుంది. షికాగోలో, టొరంటోలో ఉండే మనవాళ్ళకు సున్నాకు చాలా కిందికి పోయే గాలిలో ఇది ఇంకా ముఖ్యం. అక్కడ ఇళ్ళలో హీటరు గాలి నోటిని ఎండబెడుతుంది కాబట్టి పడుకునే ముందు నీళ్ళు తాగడం, గదిలో తేమ ఉండేలా చూసుకోవడం కూడా పంటి జాగ్రత్తల్లోకే వస్తాయి.

సెకండ్లు లెక్కపెట్టండి

జివ్వుమనే ప్రతి పన్నూ పేస్టుతో తగ్గేది కాదు. తేడా తెలుసుకోవడానికి ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. చెవిలో పెట్టుకునే దూదిపుల్లను ఐసు నీళ్ళలో ముంచి, మొదట ఏ బాధా లేని పంటికి చిగురు దగ్గర తాకించండి. మామూలు పంటికి ఎలా ఉంటుందో తెలుస్తుంది. తర్వాత అనుమానం ఉన్న చోట ఒక్కొక్క పంటికీ తాకించి, పుల్ల తీసేశాక నొప్పి ఎన్ని సెకండ్లు ఉందో లెక్కపెట్టండి.

సూదితో పొడిచినట్టు వచ్చి, పుల్ల తీయగానే లేదా రెండు మూడు సెకండ్లలో పోతే అది బయటపడిన డెంటిన్ నొప్పి. ఈ వ్యాసంలో చెప్పే పేస్టులు, జాగ్రత్తలు దానికే. పుల్ల తీసేసినా అరనిమిషం, అంతకు మించి సలుపుతూ ఉంటే లోపలి పల్ప్ వాచిందని అర్థం. మామూలుగా పిప్పి లోతుగా దిగినప్పుడు ఇలా అవుతుంది. వేడికి నొప్పి పెరిగి చన్నీళ్ళు పోస్తే హాయిగా ఉంటే, రాత్రి ఏ కారణమూ లేకుండా నొప్పి లేపితే, ఆ పల్ప్ కోలుకోవడం కష్టం. అప్పుడు సెన్సిటివ్ పేస్టు రాసుకుంటూ కూర్చుంటే రూట్‌కెనాల్‌తో (లోపలి పల్ప్ తీసేసి నింపే చికిత్స) నిలిచే పన్నును పీకించుకునే దాకా వెళ్ళవచ్చు. గట్టి పదార్థం కొరికినప్పుడు కాకుండా, కొరికి వదిలినప్పుడు కలుక్కుమంటే పంటిలో పగులు ఉండవచ్చు. నొప్పితో పాటు దవడ వాచినా, జ్వరం వచ్చినా అదే రోజు చూపించాలి. వాపు గొంతు కిందికి దిగి మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే ఆస్పత్రి అత్యవసర విభాగానికే వెళ్ళాలి.

చలికాలంలో పంటిదే అనిపించే నొప్పులు రెండున్నాయి. జలుబు బాగా పట్టినప్పుడు పై దవడ వెనక పళ్ళు ఒక్కటి కాకుండా మూడు నాలుగు కలిసి బరువుగా నొప్పి పెడితే, ముందుకు వంగినప్పుడు పెరిగితే, అది బుగ్గ ఎముకలోని సైనస్ నొప్పి. ఆ పళ్ళ వేళ్ళు సైనస్ అడుగుకు ఆనుకుని ఉంటాయి. జలుబు తగ్గితే అదీ తగ్గుతుంది. రెండోది ఎవరూ తేలిగ్గా తీసుకోకూడనిది. చలిలో నడుస్తున్నప్పుడు, మెట్లెక్కుతున్నప్పుడు కింది దవడ పట్టేసినట్టు నొప్పి పుట్టి, నిలబడగానే తగ్గిపోతుంటే అది గుండె నుంచి వచ్చేది కావచ్చు. చలికి రక్తనాళాలు బిగుసుకుని గుండె మీద భారం పెరుగుతుంది. షుగరు, బీపీ ఉన్నవాళ్ళు, పొగ తాగేవాళ్ళు వెంటనే గుండె డాక్టరుకు చూపించుకోవాలి. విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోయినా, చెమటలు, ఆయాసం తోడైనా 108కి ఫోన్ చేయాలి.

పేస్టు ఏది, ఎలా, ఎన్నాళ్ళు

డబ్బా ముందు వైపు రాసే మాటలను పక్కన పెట్టి వెనక చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాలు చదవండి. పొటాషియం నైట్రేట్ 5 శాతం అని ఉంటే అది నరాన్ని శాంతపరిచే రకం. గొట్టాల్లోంచి పొటాషియం లోపలికి చేరి, నరం మళ్ళీ మళ్ళీ స్పందించకుండా చేస్తుందని దాని వెనక ఉన్న ఆలోచన. అందుకు రెండు నుంచి నాలుగు వారాలు రోజూ రెండుపూటలా వాడాలి. మానేస్తే ప్రభావం కూడా పోతుంది. రెండో రకం గొట్టాల నోళ్ళు మూసేవి: స్టానస్ ఫ్లోరైడ్, కాల్షియం కార్బొనేట్‌తో కలిపిన 8 శాతం ఆర్జినిన్, కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్, స్ట్రాన్షియం లవణాలు. చిగురు దిగి వేరు బయటపడినవాళ్ళు ముందు ఈ రెండో రకంతో మొదలుపెట్టడం మేలని మా అభిప్రాయం. కారణాన్ని మూసేది అదే కాబట్టి. స్టానస్ ఫ్లోరైడ్ వల్ల కొందరికి పళ్ళ మీద లేత గోధుమరంగు మరక పడుతుంది. క్లీనింగులో అది పోతుంది, భయపడక్కర్లేదు.

శనగగింజంత పేస్టు చాలు. బ్రష్షును ముందు తడపకండి. తోమడం అయ్యాక నురుగు ఉమ్మేసి, దోసెడు నీళ్ళతో గడగడా పుక్కిలించకుండా వదిలేయండి. మనవాళ్ళకు ఇది ఇబ్బందిగా అనిపిస్తుంది, కానీ చాలామందికి పేస్టు పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణం. గొట్టం నోటి దగ్గర చేరిన మందునంతా నీళ్ళతో కడిగేస్తున్నారు. మరీ ఇబ్బందైతే ఒక్క గుక్క గోరువెచ్చని నీళ్ళతో సరిపెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు, గోటితో కనుక్కున్న గాటు మీద వేలి కొసతో కొంచెం పేస్టు పెట్టి ఒక నిమిషం మెల్లగా రుద్ది, ఉమ్మేసి పడుకోండి. రాత్రి లాలాజలం తక్కువ ఊరుతుంది కాబట్టి మందు ఎక్కువసేపు నిలుస్తుంది.

పది రోజులకే మార్చకండి. ఒక రకాన్ని నాలుగు వారాలు వాడి చూసి, తేడా లేకపోతే రెండో రకానికి మారండి. అదీ పనిచేయకపోతే దుకాణంలో వెతకడం ఆపి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ప్రతి ఏటా చలికి ఇబ్బంది పడేవాళ్ళు దసరా, దీపావళి నాటికే పేస్టు మొదలుపెడితే అసలు చలి వచ్చేసరికి పని మొదలై ఉంటుంది. 12 ఏళ్ళ లోపు పిల్లలకు ఈ పేస్టులు డాక్టరు చెప్పకుండా వాడకూడదు. పిల్లల పళ్ళు జివ్వుమంటే పిప్పి ఉందేమో చూడటం ముందు.

బ్రష్షు మెత్తటిది, వీలైతే డబ్బా మీద ఎక్స్‌ట్రా సాఫ్ట్ అని ఉన్నది తీసుకోండి. పిడికిట్లో బిగించకుండా పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళతో పట్టుకుంటే ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది. కుచ్చు సగం చిగురు మీద, సగం పంటి మీద పడేలా 45 డిగ్రీల వాలుగా పెట్టి, ఉన్నచోటే చిన్నగా ఆడించి, ఆ తర్వాత చిగురు నుంచి పంటి అంచు వైపుకు ఊడ్చినట్టు తీయాలి. మొత్తం రెండు నిమిషాలు. నెల తిరక్కుండానే కుచ్చు విచ్చుకుపోతోందంటే మీరు గట్టిగా రుద్దుతున్నారు. కుడిచేతివాళ్ళు ఎడమవైపు నుంచి మొదలుపెట్టకుండా వేరే చోట మొదలుపెట్టి, పేస్టు, బలం రెండూ తగ్గాక అటు వెళ్ళడం ఒక చిన్న ఉపాయం.

వంటింటి వైద్యం గురించి. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు, గ్లాసుకు అరచెంచా ఉప్పు, చిగుళ్ళ వాపుకు మంచివే, గొట్టాలను మాత్రం మూయవు. లవంగ నూనె పిప్పి పంటి సలుపును కాసేపు తగ్గిస్తుంది. నేరుగా చిగురు మీద పోస్తే కాలి పొక్కుతుంది. పచ్చి వెల్లుల్లి కూడా అంతే. నువ్వులనూనె పుక్కిలిస్తే హాని లేదు, కానీ అది బ్రష్షుకు బదులు కాదు. పళ్ళు తెల్లబడతాయని నిమ్మచెక్క, ఉప్పు కలిపి రుద్దడం మాత్రం వెంటనే ఆపేయాలి. ఆమ్లం మెత్తబరిచిన చోటును ఉప్పుగల్లు గీకేస్తుంది.

ఫ్లోరైడ్ నీళ్ళ ప్రాంతాల్లో

నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో తరాలుగా ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగినవాళ్ళు ఎంతోమంది. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్ళు చిన్నప్పుడు తాగితే తయారవుతున్న పంటి ఎనామిల్ సరిగ్గా గట్టిపడదు. ఎక్కువ తీవ్రంగా ఉంటే గుంటలు పడి, అంచులు పెచ్చులూడి కింది డెంటిన్ బయటపడుతుంది. ఇలాంటి పళ్ళున్నవాళ్ళు గోధుమరంగు మచ్చలు పోవాలని కరకు పొడులతో రుద్దడం, బ్లీచింగ్ చేయించుకోవడం వల్ల జివ్వుమనడం ఇంకా పెరుగుతుంది. ఆ మచ్చ పైన అంటుకున్నది కాదు, రుద్దితే పోదు.

ఫ్లోరైడ్ వల్లే పళ్ళు పాడయ్యాయి కదా, మళ్ళీ ఫ్లోరైడ్ పేస్టా అని వీళ్ళు అడగడం సహజం. పళ్ళ మీద ఫ్లోరోసిస్, అంటే ఈ మచ్చలు, గుంటలు, వచ్చేది పన్ను తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, ఒంట్లోకి వెళ్ళిన ఫ్లోరైడ్ వల్ల. పెద్దవాళ్ళు పేస్టును పంటికి రాసి ఉమ్మేస్తే మచ్చలు కొత్తగా రావు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు) మించకూడదన్న నిబంధన కూడా ఉంది. పసిపిల్లల విషయంలోనే జాగ్రత్త కావాలి. మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత, ఆరేళ్ళ దాకా శనగగింజంత, మింగకుండా పెద్దవాళ్ళు దగ్గరుండి చూసుకోవాలి. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళలో ఈ వయసు పిల్లలకు ఏ పేస్టు వాడాలో డాక్టరునే అడగండి.

డాక్టరు దగ్గర

వెళ్ళేముందు మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి: ఏ పన్ను, దేనికి, ఎన్ని సెకండ్లు. డాక్టరు గాలి కొట్టి, పంటి మీద మెల్లగా తట్టి, అవసరమైతే చిన్న ఎక్స్‌రే తీసి పిప్పి, పగులు లేవని తేల్చుకుంటారు. అవేవీ లేకపోతే మొదట చేసేది పంటి మీద ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం. ఇందులో 22,600 పీపీఎం ఫ్లోరైడ్ ఉంటుంది, అంటే ఇంట్లో పేస్టుకు ఇరవై రెట్ల పైన. కొన్ని నిమిషాల పని. ఆ రోజు వేడి వేడి కాఫీ, జంతికల్లాంటి గట్టి తిండి మానేసి, మరుసటి రోజు పొద్దున దాకా బ్రష్షు చేయకుండా ఉండాలి. ఇంటికెళ్ళి రాత్రే తోమేసుకుంటే పూసిందంతా పోతుంది. వార్నిష్ కొన్ని నెలలకు అరుగుతుంది, మళ్ళీ పూయించుకోవాలి.

గాటు లోతుగా ఉంటే అక్కడ పంటి రంగు ఫిల్లింగు పెడతారు. జివ్వుమనడం దాదాపు వెంటనే ఆగుతుంది. తోమే పద్ధతి మారకపోతే ఆ ఫిల్లింగు అంచు పక్కనే కొత్త గాటు పడుతుంది. ముందు పళ్ళ దగ్గర చిగురు బాగా దిగిపోతే అంగిలి నుంచి కణజాలం తీసి కప్పే ఆపరేషన్ ఉంది. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకు రాత్రి పెట్టుకునే ప్లాస్టిక్ గార్డు చేయించాలి. అది లేకుండా ఎన్ని ఫిల్లింగులు పెట్టినా ఊడిపోతూనే ఉంటాయి. ఒట్టి సెన్సిటివిటీకి రూట్‌కెనాల్ అన్నది చిట్టచివరి మాట. రెండు మూడు సెకండ్ల నొప్పికి మొదటి రోజే రూట్‌కెనాల్ చేయాలని ఎవరైనా అంటే ఇంకో డాక్టరుకు చూపించుకోండి. హైదరాబాద్, విజయవాడల్లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రుల్లో తక్కువ ఖర్చుతో చూస్తారు.

క్లీనింగు చేయిస్తే పళ్ళు కదులుతాయని, సందులు పడతాయని, జివ్వుమంటాయని ఒక భయం మన ఇళ్ళలో బలంగా ఉంది. గార పట్టిన పళ్ళకు ఆ గారే వేరును కప్పి ఉంచుతుంది, సందులు నింపుతుంది. అది తీసేశాక అప్పటికే దిగిపోయిన చిగురు, బయటపడిన వేరు కనిపిస్తాయి. కొన్ని రోజులు జివ్వుమనడం మామూలే, ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. గార అలాగే ఉంటే చిగురు ఇంకా కిందికి పోతుంది. క్లీనింగు చేయించుకోవాలనుకుంటే చలి ముదరకముందే చేయించుకోండి. రెండు వారాల ముందు నుంచి గొట్టాలు మూసే పేస్టు వాడుతూ ఉండండి. అయ్యాక అదే రోజు వార్నిష్ పూయమని అడగండి, ఆ వారమంతా గోరువెచ్చటి నీళ్ళే వాడండి.